లాగి చూసే మనిషి

సారు పోయాడని నాకు చెప్పింది మా వీధి ఓబులేసు. ఎవరిదో పెళ్ళికి చీరలు ఇచ్చి రావడానికి పెనుకొండకు వెళ్ళాడు. తిరిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, మన రిస్కు సారు పోయినాడంట."

"ఎప్పుడు?"

"ఉగాదికి ముందరంట. మనకెవురు చెప్తారు?"

ఎట్లా పోయాడని నేను అడగలేదు. బతికినన్నాళ్ళూ మనుషులు ఎట్లెట్లా పోగలరో, ఇళ్ళు ఎట్లెట్లా కూలగలవో ఆలోచించుకుంటూ తిరిగిన మనిషి. ఆయన అనుకున్నవాటిలో ఏదో ఒకటి వచ్చి ఉంటుంది. లేకపోతే అనుకోనిది వచ్చి ఉంటుంది. ఏడుపు రాలేదు నాకు. ఆయన నాకేమీ కాడు. అయినా ఆ పొద్దంతా చేతికి పోగు అందలేదు. ఆ మనిషి ఇట్లా ఉండేవాడని ఎవరో ఒకరు చెప్పాలి కదా అనిపించింది. పెనుకొండలో ఆయనకు ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు, ఆమె ముందే పోయింది. నాకు సంతకం పెట్టేంతవరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి పిల్ల రాస్తోంది. తప్పులుంటే ఆ పిల్లవి, మొరటుతనం ఉంటే నాది.

ముందు నా పని సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆయన సంగతి తెలియదు. ధర్మవరంలో నేసేవాళ్ళు వేరు, నేను వేరు. నేను అచ్చులు అతుకుతాను. మగ్గం మీద నిలువుగా ఉండే పోగులను మేము వార్పు అంటాం. ఒక వార్పు అయిపోవచ్చేటప్పుడు చివరి జానెడు నేయరు. ఆ పోగులను దువ్వెన లాంటి అచ్చులోనే వదిలేసి, ముడేసి, పైన గుడ్డ కప్పుతారు. కొత్త వార్పు వచ్చాక దాని ఒక్కో పోగును ఈ పాత పోగుల్లో ఒక్కోదానికి మెలిపెట్టి అతకాలి. వేలకు వేల పోగులు. పోగు జారకుండా వేలికి కాస్త బూడిద రాసుకుని తల వంచితే, ఎత్తేసరికి పొద్దు గుంకుతుంది.

మా ఆయన పోయాక నా కడుపు నింపింది ఈ వేళ్ళే. తల దాచుకున్నది మాత్రం తమ్ముడి దగ్గర. బాడుగ ఇల్లు, రెండు మగ్గాలు. అవి ఆడినన్నాళ్ళే నాకు ఆ ఇంట్లో ఒక మూల. అవి ఆగితే పెళ్ళాం బిడ్డలతో బెంగుళూరు పోతానని తమ్ముడు ఎప్పుడో చెప్పేశాడు. వాడు దాపరికం లేని మనిషి. "నిన్ను ఆడికి యాడ తీసకపోయేదక్కా, మాకే ఒక రూము" అన్నాడు. 

తొంభైల చివర్లో హిందూపురంలో ఒక ఫైనాన్సు కంపెనీ లేచింది. నేసేవాళ్ళకు వార్పులు అప్పు మీద ఇస్తామంటూ మా వీధులకు మనుషులు వచ్చారు. ఆశ పెట్టి కాగితాలు రాయించుకునేవాళ్ళు వేరే, తర్వాత వసూళ్ళకు వచ్చేవాళ్ళు వేరే. ఈ రెండు గుంపులకూ మధ్య, ఒంటరిగా, సంచి భుజానికి వేసుకుని ఈయన వచ్చేవాడు. పొడుగ్గా, సన్నగా, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని ఉండేవాడు. రిస్కు అనలిస్టు అని కంపెనీ పెట్టిన పేరు. మా వీధికి అందులో సగమే నోటికి పట్టింది, రిస్కు సారు అయ్యాడు.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు తమ్ముడు అడిగాడు.

"రిస్కంటే ఏంది సారూ మీ పని?"

"ఇచ్చింది తిరిగొస్తాదా, పోతాదా అని ముందే చూసేదప్పా."

"పోయినాక ఏడ్చేవాళ్ళను శానామందిని చూసినాం. పోకముందే ఏడ్చేదానికి జీతమిచ్చేది ఇప్పుడే చూస్తాండాం."

ఇంకెవరైనా అయితే కోపం తెచ్చుకునేవాళ్ళు. ఆయన కాసేపు ఆలోచించి, "జీతం తక్కువేలేప్పా" అన్నాడు.

ఆయన ఏది పట్టుకున్నా ఒకసారి లాగి చూసేవాడు. తలుపు గొళ్ళెం లాగేవాడు, కిటికీ కమ్మీ లాగేవాడు. మంచం మీద కూర్చోమంటే ముందు నవారు లాగి చూసి, ఆ తర్వాత అంచున కూర్చునేవాడు. ఇంట్లోకి రాగానే దూలం వైపు చూసి, దాని కింద కాకుండా పక్కన నిలబడేవాడు. చెప్పులు విడిచేటప్పుడు వాటి ముక్కులు వీధి వైపు తిప్పి పెట్టేవాడు. పట్టపగలు సంచిలో టార్చిలైటు ఉండేది. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత ఉంటుంది కదా, దాంట్లోకి దిగి, లైటు వేసి, గోడకు అరచెయ్యి ఆనించి తడి చూసేవాడు. తడి గుంతలో వార్పు పాడైపోతుంది. "పోయిన వానకు నీళ్ళొచ్చినాయా?" అని అడిగేవాడు. రాలేదంటే, "ఈసారొస్తే?" అనేవాడు. ఆరోగ్యం బాగుందంటే, "జ్వరమొస్తే?" ఇద్దరు కొడుకులు నేస్తారంటే, "ఒకడు వేరు పోతే?" వీధిలో పిల్లకాయలు ఆయన్ను చూడగానే ఒకరినొకరు "పోతే? పోతే?" అని వెక్కిరించుకుంటూ పరుగెత్తేవాళ్ళు. ఆయనా విన్నాడు. వాళ్ళు పరుగెత్తే దారిలో ఉన్న రాయిని కాలితో పక్కకు తోసి పోయాడు.

ఎవరింట్లోనూ కాఫీ తాగేవాడు కాదు. మంచినీళ్ళు మాత్రం అడిగేవాడు. మా మరదలు ఒకసారి బలవంతం చేసింది.

"మా ఇంట్ల కాఫీ తాగితే మీ కులం చెడతాదా సారూ?"

"కులం కాదమ్మా. కాఫీ తాగినింటికి వద్దని రాసేదానికి చెయ్యి రాదు."

"అయితే తాగండి మరి" అంది మరదలు, గ్లాసు ముందుకు జరిపి.

ఆయన గ్లాసు వైపు చూశాడు. పాపం, ఇష్టమే ఆయనకు. మూతి తుడుచుకుని లేచిపోయాడు.

ఆయన ఆఫీసు హిందూపురంలో, తిరుగుడు ధర్మవరంలో, ఇల్లు మధ్యలో పెనుకొండలో. రోజూ ప్యాసింజరులో అటో ఇటో. సోమందేపల్లిలో కూడా మగ్గాలుండేవి. అక్కడ అతకడానికి పిలిచినప్పుడు నేను పెనుకొండ దాకా అదే బండిలో పోయేదాన్ని. ఆయన ఎప్పుడూ నడిమి పెట్టెలోనే ఎక్కేవాడు. ముందు పెట్టెకు గుద్దుకునే భయం, వెనక పెట్టె ఊడిపోయే భయం అట. పెనుకొండలో కొండ కిందే పుట్టి పెరిగాడు, ఒక్కసారి కూడా కొండ ఎక్కలేదు. ఊరికి వచ్చినవాళ్ళంతా కోట చూసి వస్తారు కదా సారూ అంటే, "పైన రాళ్ళు కదిలితే?" అన్నాడు. రాజులు పోయి అన్నేళ్ళైనా ఆ రాళ్ళు కదల్లేదని నేనంటే, "అందుకే ఇంక కదుల్తాయి" అన్నాడు. నవ్వు వచ్చింది గానీ ఆయన నవ్వలేదు.

పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఒకసారి అడిగేశాను. నా నోరు అంతే.

"నేను పోతే ఆమె గతేంది?"

"ఏముండాది సారూ, నా మాదిరి ఉంటాది. నేను చచ్చిపోలేదు కదా."

ఆయన ముఖం చిన్నబోయింది. లేచి, కిటికీ పక్క చోటు నాకిచ్చి, తను తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. పడతానేమోనని తలుపు దగ్గర ఎప్పుడూ నిలబడని మనిషి.

ఆయన మనసులో ఉన్నది బయటపెట్టింది కూడా ఆ బండిలోనే. పైవీధిలో ఒకాయనకు వార్పు వద్దని రాశాడు. కొన్ని నెలలకే ఆ ఇంట్లో మగ్గం పీకేశారు. ఆ సంగతి నేను చెప్పాను, కొంచెం ఎత్తిపొడుపుగానే.

"మీరు వద్దన్నింట్ల మగ్గం పోయింది సారూ. మీ లెక్క తప్పదు."

"ఆఫీసులో మా మేనేజరూ అదే అన్న్యాడు. నువ్వు చెప్పిందే అయిందయ్యా అని భుజం తట్టినాడు." కిటికీ బయట గుట్టలు వెనక్కి పోతున్నాయి. వాటిని చూస్తూ అన్నాడు. "నేను వద్దంటాను. వద్దంటే వార్పు రాదు. వార్పు రాకుంటే మగ్గం ఆగుతాది. మునిగేది చూసి నేను చెప్పినానా, నేను చెప్పినందుకు మునిగినారా? అది తెల్దమ్మా నాకు. ఎవర్ని అడగల్ల?"

"ఈ పాడు పని ఇడిచిపెట్టి ఇంకోటి చూసుకోకూడదా?"

"ఆ ఇంకోటి పోతే?"

 నా సంగతి మాత్రం ఏముంది. కళ్ళు మసకబడుతున్నాయి, ఇంకో పని రాదు, తమ్ముడి ఇంటి మూల తప్ప వేరే చోటు లేదు. 

ఒకరోజు నేను ఒక ఇంట్లో అతుకుతుంటే వచ్చాడు. మామూలుగా గుంత చూసి వెళ్ళిపోయేవాడు. ఆరోజు నా పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"ఈ పాత పోగులు లేకుంటే ఏమవుతాదమ్మా?"

"మళ్ళా మొదట్నుంచి ఒక్కో పోగూ అచ్చులో ఎక్కియ్యల్ల. శానా పని. అందుకే నేసే ఇంట్ల అచ్చు ఖాళీ చెయ్యరు. అది అశుభం కూడా."

"అంటే, మళ్ళా నేద్దామనుకునేటోళ్ళు వీటిని కాపాడుకుంటారు."

"బిడ్డను కప్పినట్ల కప్పుకుంటారు."

ఆ రోజు నుంచి ఆయన పద్ధతి మారింది. ఇంట్లోకి రాగానే గుంతకు ముందు అచ్చు మీది గుడ్డ ఎత్తి చూసేవాడు. పోగులు దుమ్ము లేకుండా, ముడి గట్టిగా ఉంటే ఆ ఇంటికి ఇవ్వొచ్చని రాసేవాడు. ఎలుకలు కొరికి, బొద్దింకలు తిని వేలాడుతుంటే వద్దని రాసేవాడు. అట్లా కొన్ని ఇళ్ళకు వార్పులు వచ్చాయి. ఆ మగ్గాలు ఆడాయి. ఆ ఏడాది సారు నడకే వేరుగా ఉండేది. స్టేషన్ దగ్గర నిమ్మకాయ షోడా తాగుతూ ఒకసారి కనబడ్డాడు. షోడా తాగితే దగ్గొస్తుందని అంతకుముందు తాగేవాడు కాదు.

మంచి సంగతి దాగదు కదా. ఆఫీసులో అటెండరు ధర్మవరం మనిషే. ఆయన కాఫీ హోటల్లో కూర్చుని చెప్పేశాడు, సారు చూసేది అచ్చులో పాత పోగులను అని. మళ్ళీ మా వీధి వంతు వచ్చేనాటికి వీధిలో సగం ఇళ్ళల్లో మగ్గాలు ఆగి ఉన్నాయి. అచ్చులు ఖాళీగా అటకల మీద పడి ఉన్నాయి. ఇంక చూడండి సంబరం. మగవాళ్ళంతా ఆడే మగ్గాల దగ్గర తెగిన పోగులు ఏరుకొచ్చారు. ఆడవాళ్ళు గంజి కాచారు. నన్ను పిలవడానికి కూలి లేదు, అంత పని చేయడానికి పొద్దూ లేదు. అచ్చు పళ్ళకు పోగులను గంజితో అంటించి, దువ్వి, పసుపు దారం కట్టి, పైన ఉతికిన గుడ్డ కప్పారు. వీధంతా పెళ్ళికూతుళ్ళను చేసి కూర్చోబెట్టినట్టు ఉంది.

ఓబులేసు అప్పటికి నేత మానేసి మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. వాళ్ళ గుంతలో కోళ్ళు పొదిగేవి. వాడు కూడా గంజి పెట్టాడు. సారు వచ్చి గుంతలోకి లైటు వేశాడు. లోపల కోడి గుడ్లు పొదుగుతోంది. అది ఆయన్ను చూసి గుర్రుమంది.

"ఏమప్పా, ఇది నేసే మగ్గమేనా?"

"నేసేదే సారూ."

"ఆ కోడి?"

"గుంతలో తడి లేదని దానికి తెలిసిపోయింది సారూ. మీరు చూసేదీ అదే కదా."

వాకిట్లో నిలబడినవాళ్ళందరూ నవ్వారు. కోడి ఎగిరి అచ్చు మీది గుడ్డ పైనే దిగింది. సారు దాన్ని తోలి, గుడ్డ ఎత్తి, ఒక పోగు పట్టుకుని లాగాడు. గంజి పొడిపొడిగా రాలింది. పోగు చేతిలోకి వచ్చేసింది. నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఆ పోగును మళ్ళీ దాని చోట్లోనే పడుకోబెట్టి, గుడ్డ కప్పి, పక్కింటికి పోయాడు. అక్కడా అంతే. దాని పక్కన కూడా అంతే.

మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చాడు. తమ్ముడి అచ్చుల్లో ఉన్నవి నిజమైన పోగులు, నా చేత్తో అతికినవాటి తరువాయి. తమ్ముడు గుడ్డ తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు చూశాడు. లాగలేదు. లాగితే గంజి రాలుతుందేమోనని భయపడ్డాడో, రాలకపోతే ఏం చేయాలో తెలియకనో. బయటికి వచ్చి, అరుగు మీద బూడిద జల్లించుకుంటున్న నా ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, నీ చేతికి తెలుస్తాది. ఈ వీధిలో ఏవి నిజం, ఏవి గంజి?"

వీధి వీధంతా గడపల్లో నిలబడి మమ్మల్నే చూస్తోంది. మాటలు వినపడవు, నా పెదాలు మాత్రం కనబడతాయి. నిజం చెబితే తమ్ముడి మగ్గాలు ఆడతాయి, నా మూల నాకుంటుంది. కానీ ఆ మర్నాటి నుంచి ఆ వీధిలో అతకడానికి నన్ను ఏ గడపా తొక్కనివ్వరు. చెప్పకపోతే ఆయన అందరికీ వద్దని రాస్తాడు, అందరితో పాటు తమ్ముడూ పోతాడు. ఎటు తిరిగినా గోడే. నా మీద కోపం వచ్చింది, ఆయన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ కోపంలోనే నోరు తెరిచాను.

"నేయనోడు గంజి కూడా కాయడు సారూ."

"ఏమంటాండావమ్మా?"

"నేతంటే ఇసుగు పుట్టినోడింటికి పోయి చూడండి. అచ్చు యాడ పడిండాదో కూడా వానికి తెల్దు. వీళ్ళు తినే బియ్యం గంజి కాచినారు, మిమ్మల్ని మోసం చేసేదానికి. నేయల్లని లేనోడికి ఈ మోసమెందుకు? మా తమ్మునివీ వాళ్ళవీ అన్నీ ఒకటే. ఇంక నన్నేమీ అడగొద్దు."

"పోతే?"

"పోతే పోతాది. నిలిచేది ఉండాదా లేదా తెలిసేదానికైనా ఒకసారి ఇచ్చి చూడల్ల కదా."

ఆయన నా చేతిలో జల్లెడ వైపు చూశాడు. తర్వాత చెప్పులు తొడుక్కుని స్టేషన్ దారి పట్టాడు. ఆరోజు ఎవరింట్లోనూ నీళ్ళు కూడా తాగలేదు.

తర్వాత జరిగింది అటెండరు చెబితే తెలిసింది. సారు మా వీధి మొత్తానికి ఇవ్వొచ్చని రాశాడు. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు, కోడి ఇల్లు కూడా. ఆ కాగితం చూసి మేనేజరు నవ్వాడట. "ఈయన నోట్లోనుంచి ఒక వీధికంతా సరే అని ఎట్లొచ్చింది? ఆడ ఏం తిని వచ్చినాడు?" అన్నాడట. ఆయన వద్దంటే ఒక్కరోజు కూడా అనుమానపడని ఆఫీసు, సరే అంటే నమ్మలేదు. వేరే కుర్రోణ్ణి జీపులో పంపించారు. వాడు ఒక్కో ఇంట్లో గుప్పెడు పోగులు పట్టి లాగాడు. గంజి పొడి దులుపుకుంటూ పోయాడు. మా ఇంటికి రానే లేదు. ఈ వీధంతా దొంగలే అని రాశాడు. ఎవరికీ వార్పులు రాలేదు.

సారుకు మాత్రం పదవి పెరిగింది. పేరు ముందు సీనియర్ అని తగిలించి, హిందూపురం ఆఫీసులో పై అంతస్తులో కూర్చోబెట్టారు. ఇంక ఇళ్ళకు పోవద్దన్నారు. మా వీధి ఆయన్ను తిట్టింది. మనల్ని ముంచి తను పైకెక్కినాడు అంది. నేను అట్లా కాదని చెప్పాను. ఎవరూ వినలేదు.

తమ్ముడు బెంగుళూరులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్ పని మాట్లాడుకున్నాడు. మరదలు నా దగ్గరికొచ్చి కొంగు నలుపుకుంటూ అంది. "వదినా, ఆ సారు నీతో మాట్లాడతాడు కదా. ఒక్కమాట అడిగి చూడు. మా ఇంటికి మాత్రం."

పోయాను. హిందూపురంలో ఆ మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. కిటికీ లేని గది. బల్ల మీద కట్టలు కట్టలు కాగితాలు.

"ఇప్పుడు ఇండ్లే నా దగ్గరికొస్తాండాయమ్మా, కాగితాల్లో" అన్నాడు. "కదిరివి, కనగానపల్లివి. గుంత యాడుంటాదో దీంట్లో రాయరు."

తమ్ముడి సంగతి చెప్పాను. ఒక్క ఇంటికి, మగ్గానికొక్క వార్పు.

"నేను ఇవ్వొచ్చని రాస్తే ఇవ్వరమ్మా. మీ వీధి పేరు చూస్తానే ఆపేస్తారు."

"అయితే వద్దని రాయండి."

"వద్దంటే నమ్ముతారు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. పాడు నవ్వు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఈడ కూర్చోని మీరు చేసేదేంది సారూ?"

"అదే."

నాతోపాటు స్టేషన్ దాకా నడిచి వచ్చాడు. బండి రావడానికి ఇంకా పొద్దుంది. బెంచీ మీద కూర్చున్నాక, అతకడం ఎట్లాగో చూపించమన్నాడు. నా కొంగు ముడిలో ఎప్పుడూ నాలుగు పోగులుంటాయి. రెండు తీసి ఇచ్చాను, వేలికి బూడిద రాశాను. ఆయన వేళ్ళు కాగితాలు తిప్పే వేళ్ళు, మెత్తగా ఉన్నాయి. మెలి పడలేదు. మళ్ళీ చేశాడు, జారింది. నేను ఆయన బొటనవేలును పట్టుకుని తిప్పాను. ఆఖరికి ఒక మెలి కుదిరింది. రెండు పోగులు ఒకటయ్యాయి. ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖం అయింది. ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. మెల్లగా లాగాడు, నిలిచింది. ఇంకొంచెం లాగాడు, నిలిచింది. ఇంకొంచెం లాగాడు. తెగింది.

"నిలిచింది కదా సారూ. ఇంకెందుకు లాగినారు?"

"ఎంతవరకు నిలుస్తాదో చూద్దామని."

"మగ్గం మీద అంత గట్టిగా లాగేటోడు ఎవడూ ఉండడు."

ఆయన రెండు ముక్కలనూ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. బండి వచ్చింది. పెనుకొండకు పోయే బండే అది. అయినా ఆయన ఎక్కలేదు. మళ్ళీ ఆఫీసుకు పోవాలన్నాడు.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఆదివారం. ఇంటాయన గుంతలు పూడ్చి ఇమ్మన్నాడు. మగ్గం కట్టెలు కొనుక్కునేవాడు సాయంత్రానికి వస్తానన్నాడు. నాకు చోటు చూపించింది ఓబులేసు. "కోళ్ళకు చోటిచ్చినోణ్ణి, నీకియ్యలేనా అక్కా? పక్క రూముండాది, రా" అన్నాడు. తర్వాత ఇంకో షావుకారు వార్పు ఇస్తే వాడు మళ్ళీ గుంతలోకి దిగాడు. ఇప్పుడు వాడి మగ్గానికి అతికేదీ నేనే.

ఆరోజు ఇంకా ఒక పని మిగిలి ఉంది. మగ్గాలు విప్పేముందు అచ్చుల్లో పోగులు కోయాలి. తమ్ముడు కత్తెర తీసుకుని మగ్గం దగ్గరికి పోయి, వంగి, మళ్ళీ లేచి వచ్చాడు. ఇంకోసారి పోయాడు. వాడి చెయ్యి రాలేదు. కత్తెర నా ఒళ్ళో పెట్టి గోడ వైపు తిరిగాడు. అప్పుడు గడపలో నీడ పడింది. సారు. సంచి లేదు, లైటు లేదు.

"ఇంకేం చూసేదానికొచ్చినారు సారూ?" అన్నాడు తమ్ముడు. "అంతా మీరనుకున్నట్లే అయిపాయ కదా."

"చూసేదానికి రాలేదప్పా."

లోపలికి వచ్చి మగ్గం పక్కన నేల మీదే కూర్చున్నాడు. పొమ్మని ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

"కోస్తాంటే అచ్చు ఊగుతాది. ఆ పక్క పట్టుకోండి" అన్నాను.

రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను కోశాను. అతకడానికి నాకు పొద్దంతా పట్టేది. కోయడానికి ఏమీ పట్టలేదు. పోగులు నేల మీద పడి చుట్టుకున్నాయి. మరదలు లోపల గిన్నెలు మూట కడుతూ ఆగి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. అచ్చు పళ్ళ సందుల్లోంచి వాకిటి వెలుతురు ఆయన చొక్కా మీద గీతలు గీతలుగా పడింది. మా నాయన నేసినప్పటి నుంచి ఆ అచ్చు ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

తమ్ముడు మగ్గం కట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. సారు ఇంకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు.

"ఇది యాడ పెట్టేదమ్మా?"

గోడ వైపు చూశాను, మూల వైపు చూశాను. ఖాళీ అచ్చును ఎక్కడ పెడతారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"కొంచేపు పట్టుకోండి సారూ" అన్నాను.

పట్టుకుని కూర్చున్నాడు.